చిటిక పడిన మాట

మెడకు పట్టీ కట్టిన మూడోనాటి పొద్దున రాజలింగం భార్య వైపు చూసి, "పాలకూర కట్ట ఎట్ల ఇస్తున్నవమ్మా? నిన్నటిదా, ఇయ్యాల్టిదా?" అన్నాడు.

అన్నాడు అనడం కూడా పూర్తిగా నిజం కాదు. అతని పెదవులు కొంచెం కదిలాయి, అంతే. మాట మాత్రం ఛాతీ మీద వేలాడుతున్న అగ్గిపెట్టెంత డబ్బాలోంచి వచ్చింది. కానీ గొంతు అచ్చంగా అతనిదే. పాలకూర అన్నప్పుడు 'ల' దగ్గర కొంచెం సాగదీయడం కూడా అతనిదే.

సువర్ణ చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంట్లో పాలకూర లేదు. తెమ్మని ఎవరూ అనలేదు. రెండు నెలలు నోట మాట లేకుండా పడి ఉన్న మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదా అని ఆలోచిస్తుంటే చప్పున గుర్తొచ్చింది. ఇది ఆరో పాఠం. కూరగాయల అంగడి.

"శ్రావ్య వాళ్ల బాపూ, నేను టీచర్‌ను. కూరగాయలామెను గాదు" అంది నవ్వుతూ. అతను ఆమెనే చూస్తున్నాడు. దుప్పటి మీద ఎడమ చేతి వేళ్లు సన్నగా వణికాయి. ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే అతను ఆ వణుకు మంచిదే అన్నాడు, నరం మేలుకుంటోందట. పాపం అనిపించి ఆమె ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

*

ఈ పాఠాల గోల తెలియాలంటే మూడేళ్లు వెనక్కి పోవాలి.

మెట్‌పల్లి దగ్గర ఒక సర్కారు బడిలో సువర్ణ తెలుగు టీచరు. రైసుమిల్లుల్లో మూటలు మోయడానికి వచ్చిన బీహారు కుటుంబాల పిల్లలు, ఇటుక బట్టీల ఒడిశా పిల్లలు ఆమె తరగతిలో సగానికి సగం ఉంటారు. అక్షరాలు దిద్దమంటే ముత్యాల్లా దిద్దుతారు. దప్పికైతే నీళ్లడగడం మాత్రం రాదు. పుస్తకంలో పద్యాలున్నాయి గానీ బస్సులో చోటడగడం ఎలాగో లేదు. ఆ పిల్లలకు కావాల్సింది చెవికి పని అని ఆమెకు తోచింది. అంగడి, బస్సు, దవాఖానా, చుట్టాలిల్లు, ఇలా ఒక్కోచోట మనుషులు ఎలా మాట్లాడుకుంటారో రికార్డు చేసి వినిపించాలనుకుంది.

దానికి పనిముట్టు కావాలి. ఇంటర్నెట్లో వెతికితే 'కత్తెర' దొరికింది. భాషా ఉపాధ్యాయులకు ఉచితం అని రాసి ఉంది. ఉచితం అన్న మాట కనిపిస్తే మన టీచర్ల వేలు ఎక్కడ ఆగుతుంది? కింద నాలుగు పేజీల షరతులు, చివర ఒక గడి. సువర్ణ ఆ గడిలో టిక్కు పెట్టింది. షరతులు చదవలేదు. మీరూ నేనూ అయినా చదివేవాళ్లం కాదు.

కత్తెర నిజంగానే మంచి పనిమంతురాలు. ఫోన్లో రికార్డు చేసింది అందులో పెడితే కూలరు మోత తీసేసేది. వద్దన్న ముక్క కోసేసేది. మాట నడుస్తుంటే కింద అక్షరాలు పరిచేది. ఆడగొంతులన్నీ సువర్ణవి. మగగొంతులన్నీ రాజలింగానివి. అతను ఇరవై రెండేళ్లుగా ఆర్టీసీ కండక్టరు. కిక్కిరిసిన బస్సులో చివరి సీటుదాకా వినిపించే గొంతు. డ్యూటీ లేని రోజుల్లో వంటింటి బల్ల ముందు కూర్చుని కూరగాయలవాడి నుంచి డాక్టరు దాకా అందరూ తానే అయ్యేవాడు.

వాళ్లిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. చదువుతూ తప్పుపోతే రికార్డింగ్ ఆపరు. చిటిక వేస్తారు. వేసి, వాక్యం మళ్లీ మొదటినుంచి చదువుతారు. చిటిక శబ్దం తెరమీద గీతల్లో సన్నటి మేకులా నిలబడి కనిపిస్తుంది. దాన్నిబట్టి ముందున్న వాక్యం కోసేయొచ్చు. ఈ కిటుకు రాజలింగానిదే. బస్సులో కుడిచేతిలో టికెట్ మిషను ఉంటుంది కాబట్టి పరధ్యానంలో ఉన్న ప్రయాణికుణ్ణి పిలవడానికి ఎడమచేత్తో చిటిక వేయడం అతనికి అలవాటు. ఏ చెయ్యి అంటారా, ఎడమదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, సువర్ణ మరిచిపోయింది.

కొన్నాళ్లకు కత్తెరలో 'చిటిక గుర్తు' అని ఒక మీట వచ్చింది. అది నొక్కి ఉంచితే చాలు, చిటికకు ముందున్న వాక్యాన్ని తనంతట తానే కోసి పక్కనున్న కత్తిరింపుల బుట్టలో పడేసేది. ఆ బుట్టలో ఏం పోగవుతోందో ఆమె ఎప్పుడూ తెరిచి చూడలేదు. చెత్తబుట్టను ఎవరు తెరుస్తారు?

పద్నాలుగో పాఠం 'ఇల్లు' రికార్డు చేసిన రోజు మాత్రం మరిచిపోలేనిది. అందులో భర్త భార్యతో "నువ్వు వండిన పప్పు ఎంత కమ్మగా ఉందో" అనాలి. రాజలింగం 'కమ్మగా' దాకా వచ్చి పగలబడి నవ్వాడు. చిటిక. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ నవ్వు, మళ్లీ చిటిక. పదకొండు సార్లు.

"ఇట్ల ఏ మొగడు మాట్లాడుతడే, టీచరమ్మా? పిలగాండ్లకు అబద్ధాలు నేర్పుతున్నవ్ నువ్వు."

"ఒక్కసారన్న నవ్వకుండ అను."

"నాతోని గాదు. రాసింది మార్చు."

ఆమె రాసింది మార్చింది. ఆ పాఠంలో భర్త చివరికి "ఇంకింత పప్పు వెయ్యి" అన్నాడు. అది మాత్రం ఒక్క దెబ్బకే వచ్చింది.

*

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గడ్డం గీసుకుంటూ రాజలింగం అద్దం ముందే కూలబడ్డాడు. కుడిపక్క పడిపోయింది, ఎడమచేతిలోనూ సత్తువ సన్నగిల్లింది. మాట పోయింది. మెదడులో మాట పుట్టేచోట దెబ్బ తగిలిందని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి, చెప్పలేడు. రాత కూడా మాటతోపాటే పోయింది. తల ఊపమంటే అవునన్నా కాదన్నా ఒకేలా ఊగేది, అదీ అతని చేతిలో లేదు. "ఒంటికి బాగా పట్టిన అలవాట్లు కొన్ని మిగుల్తయమ్మా. కనిపెట్టి చూసుకోండ్రి" అన్నాడు డాక్టరు. సువర్ణ తలూపింది. ఏ అలవాట్లో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

బడికి సెలవు పెట్టింది. పాఠాలు ఆగిపోయాయి. నెల తర్వాత కత్తెర నుంచి ఒక సందేశం వచ్చింది, మీ పాఠాలు రావడం లేదు, ఏమైనా ఇబ్బందా అని. ఎవరూ చదవరులే అనుకుంటూ ఆమె ఉన్నదంతా రాసేసింది. వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి హుమేరా అనే ఆమె ఫోను చేసింది. కత్తెరను తయారు చేసింది తార్నాకలో ఉన్న ఒక ప్రయోగశాల అనీ, అక్కడ తాను పరిశోధకురాలిననీ, మీ వారిని ఒకసారి తీసుకురండనీ చెప్పింది.

వెళ్లారు. ప్రయోగశాల అంటే సువర్ణ ఏదేదో ఊహించుకుంది. అది రెండు గదులు, ఒక కూలరు. హుమేరాకు ముప్పై ఏళ్లుంటాయి. రాజలింగం చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ లోపలికి తీసుకుపోయింది. కంప్యూటర్ తెరమీద ఒక పొడుగాటి జాబితా చూపించింది.

"ఇవన్నీ మీ కత్తిరింపులు మేడమ్. మూడేళ్లవి."

"అవి చెత్త గద. మీరెందుకు దాచిపెట్టిన్రు?"

"మాకు కావాల్సింది అవే. చక్కగా చదివిన వాక్యం ఎవరు చదివినా ఒకటే. ఎక్కడ తడబడతారు, ఎక్కడ ఆగి మళ్లీ మొదలు పెడతారు అన్నదాంట్లోనే మనిషి తెలుస్తాడు. మాట పడిపోయినవాళ్ల దగ్గర మిగిలేవి కూడా సగం సగం మొదళ్లే కదా."

"మేం ఒప్పుకున్నమా దీనికి?"

హుమేరా కొంచెం ఇబ్బందిపడుతూ షరతుల పేజీ తెరిచింది. చివర గడిలో సువర్ణ పెట్టిన టిక్కు ఉంది, తేదీతో సహా. తన ఇంటి మాటలు మూడేళ్లుగా ఎవరో మూట కట్టుకుంటున్నారని కోపం తెచ్చుకోవాలో, అందుకే ఇవాళ మొగుడికి మాట రాబోతోందని దండం పెట్టాలో ఆమెకు తెలియలేదు. రెండూ చేయలేక కుర్చీలో కూర్చుంది.

పట్టీ మెడకు కట్టారు. గొంతు కండరాలు కదలబోయి కదలలేకపోయిన ఆ చిన్న అదురును అది పసిగడుతుంది. పసిగట్టి, ఈ మనిషి ఇలా మొదలుపెట్టినప్పుడల్లా ఏమనేవాడో తన దగ్గరున్న కత్తిరింపుల్లో వెతికి, మిగతా వాక్యం అల్లి, అతని గొంతుతోనే పలుకుతుంది. రాజలింగం కళ్లు మూసుకుని గుటక వేశాడు. డబ్బా బరబరమంది.

"టీచరమ్మా" అంది.

సువర్ణ భోరున ఏడ్చింది. హుమేరా కూడా ముఖం అటు తిప్పుకుంది. ఆ ఒక్క మాటకోసం ఆమె ఇంకో నాలుగు పేజీలు చదవకుండానే టిక్కు పెట్టేసేది.

*

తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లో సంతోషానికీ అయోమయానికీ మధ్య గీత ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

పరామర్శకు వచ్చిన మేనబావ లేచి నిలబడగానే, "దిగేటోళ్లు ముందటికి రావాలె" అన్నాడు రాజలింగం. అందరూ నవ్వారు, మేనబావ కళ్లు తుడుచుకున్నాడు. పక్కింటి రాజేశ్వరితో "మీ బిడ్డ లగ్గానికి తప్పకుండ వస్తం" అన్నాడు. ఆమెకు ఆడపిల్లలే లేరు, ఉన్నది ఇద్దరూ కొడుకులే. జావ తాగిస్తుంటే "నువ్వు వండిన పప్పు ఎంత కమ్మగా ఉందో" అన్నాడు, ఒక్కసారి కూడా నవ్వకుండా. అది పాఠంలోదని సువర్ణకు తెలుసు. తెలిసీ సంబరపడింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో అననిది జబ్బు పడ్డాక అంటున్నాడేమో, మనసులో ఉన్నదే పాఠం మాటల్లో వస్తోందేమో అనుకుంది. అలా అనుకోవడం బాగుంది కూడా.

ప్రయోగశాలకు రోజువారీ వీడియో పంపాలి. కరీంనగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు శ్రావ్యకూ పంపాలి. అందుకని మంచం పక్కన స్టాండుకు ఫోను బిగించి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రికార్డు చేసేది. "బాపు నాతోని ఇంత మంచిగ ఎన్నడు మాట్లాడలేదమ్మా. 'బిడ్డా, నీ చదువే నాకు గొప్ప' అన్నడు నిన్న" అని శ్రావ్య ఫోన్లో ఏడ్చింది. సువర్ణ ఆ మాట ఏ పాఠంలోదో గుర్తుపట్టి కూడా నోరు విప్పలేదు.

మాట ఆగినప్పుడల్లా ఎడమచేతి వేళ్లు వణికేవి. ఆమె ఆ చేతిని పట్టుకునేది. పట్టుకుంటే వణుకు తగ్గేది. భార్యగా తాను చేయగలిగింది అదొక్కటే అనిపించేది, దాంట్లో ఆమెకు కొంత తృప్తి కూడా ఉండేది. ఒకరోజు అలా పట్టుకుని ఉండగా డబ్బా "చెయ్యి ఇడిసిపెట్టు" అంది. ఇది బస్సు పాఠంలో తలుపు కడ్డీ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డ పిల్లవాడితో కండక్టరు అనేదో, జాతర పాఠంలోదో అని ఆమె నవ్వి, చెయ్యి తీసి దుప్పటి సర్దింది.

జూన్‌లో హుమేరా మెట్‌పల్లి వచ్చింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని రాజలింగంతోనే మాట్లాడింది, అతని మీదుగా కాదు. ఆ ఒక్కదానికి సువర్ణకు ఆమె నచ్చింది.

"పట్టీ మీ మెడ దగ్గర అంచుల్ని మాత్రమే వింటోంది సార్. అందుకే మిగతాది ఊహించాల్సి వస్తోంది. పుర్రె కింద చిన్న రేకు అమరిస్తే మెదడు దగ్గరే వినొచ్చు."

"ఇప్పుడు మాట్లాడేదాంట్ల ఎంత ఆయనది, ఎంత ఈ డబ్బాది?" అని అడిగింది సువర్ణ.

"అది మేం విడదీసి చెప్పలేం మేడమ్. రేకు పెట్టేది అందుకే." ఆగి, ఉన్నమాట చెప్పింది. "ఆపరేషన్‌లో ప్రమాదం ఉంది. పదిమందిలో ఒకరికి ఇప్పుడున్నది కూడా పోవచ్చు. తెలివి కూడా. ఆయన ఒప్పుకుంటేనే చేస్తాం."

సువర్ణ భర్త మీదికి వంగింది. "ఇన్నవ్ గద. ఏమంటవ్?"

రాజలింగం చాలాసేపు పైకప్పు చూశాడు. గొంతు అదిరింది. "చేయించుకుంట" అంది డబ్బా. "డాక్టర్ సాబ్ చెప్పినంక ఇంకేముంది. నువ్వు సంతకం పెట్టు."

వేళ్లు వణికాయి. బాగా వణికాయి. భయపడుతున్నాడనుకుని ఆమె ఆ చేతిని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. ఆపరేషన్ వచ్చే సోమవారం అని ఖాయమైంది. ఒప్పుకున్న మాటల వీడియోను నిమిషంలోపు కత్తిరించి శనివారానికి పంపమన్నారు ఆసుపత్రివాళ్లు.

*

శుక్రవారం మధ్యాహ్నం రాజలింగం కునుకు తీస్తుంటే సువర్ణ వంటింటి బల్ల ముందు కూర్చుని నాలుగు నెలల తర్వాత కత్తెర తెరిచింది. వీడియో పెట్టింది. గిరగిరా తిరిగి తెరమీద పరుచుకుంది. ఆడించి చూస్తే హుమేరా ప్రశ్న ఉంది, తన ప్రశ్న ఉంది. రాజలింగం జవాబు లేదు. అతను పైకప్పు చూస్తాడు, వెంటనే తాను అతని చెయ్యి పట్టుకుని ఉంటుంది. మధ్యలో మాట మాయం.

అప్‌లోడ్ సరిగా కాలేదనుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. బుట్ట తెరిచింది. "చేయించుకుంట... నువ్వు సంతకం పెట్టు" అన్న ముక్క బుట్టలో పడి ఉంది.

ఏం పాడు మిషనే ఇది, అని విసుక్కుంది. అప్పుడు చూసింది, తెర మూలన 'చిటిక గుర్తు' మీట వెలుగుతూ ఉంది. తను ఎప్పుడో నొక్కి, తియ్యడం మరిచిపోయింది. అయితే మాత్రం, చిటిక ఎవరు వేశారు? ఆ గదిలో ఎవరూ వేయలేదు. ఆమె అక్కడే ఉంది కదా.

గీతల్ని పెద్దవి చేసి చూసింది. జవాబు అయిపోయిన చోట వెంట్రుకవాసి మేకు ఒకటి ఉంది. చెవుల్లో పెట్టుకుని శబ్దం పూర్తిగా పెంచింది. చర్మం చర్మానికి రాసుకున్న సవ్వడి, ఎండుటాకు నలిగినంత. బొమ్మను ఆపి, కొంచెం కొంచెంగా జరుపుతూ చూసింది. దుప్పటి మీద ఎడమచెయ్యి. బొటనవేలు నడిమివేలుకు ఆనింది. బలం లేక జారింది. మళ్లీ ఆనింది. ఇంతలో పక్కనుంచి రెండు చేతులు వచ్చి ఆ చేతిని కప్పేశాయి. ఎర్ర గాజులున్న చేతులు.

సువర్ణ తన గాజుల వంక చూసుకుంది. అవి ఇంకా ఎర్రవే.

వెంటనే ఫోను తీసి హుమేరాకు చేసింది. చెప్పబోతే ఏది ముందు చెప్పాలో తెలియలేదు. "మా కత్తిరింపులు మీ దగ్గరున్నయి గద. వాటి చివర్ల చిటికెలుండాలె. ఉన్నయా?"

"చిటికెలా? ఆఁ, టక్కుమనే శబ్దాలు. చెవికి గుచ్చుకుంటాయని అన్నీ తీసేశాం మేడమ్, మిషన్‌కు నేర్పేముందే. ఏం?"

"చిటిక అంటే ఆ మాట వద్దని. ఆయన కొట్టేసిన మాటలమ్మా అవన్నీ. నవ్వొచ్చి, తప్పువోయి, అబద్ధమనిపించి కొట్టేసినయి. వద్దన్నది మీరు తీసేసి, మాట ఉంచుకున్నరు. ఇప్పుడు గదే మాట ఆయన నోట్ల పెడుతున్నరు. ఆయన చిటిక ఏస్తనే ఉన్నడు. నేను చెయ్యి పట్టుకుంటున్న."

"అయితే ఆయన ఒప్పుకున్నారో లేదో..." అంది హుమేరా. "నాకు ఇప్పుడేమీ తెలియడం లేదు మేడమ్. సోమవారానిది ఆపేయిస్తాను."

ఆపడం ఒక్కటే సరిపోదు. రెండు నెలలు అతను ఏం మాట్లాడాడో సువర్ణకు తెలియాలి. నూటపంతొమ్మిది వీడియోలూ ఒక్కొక్కటే కత్తెరకు వేసింది. బుట్ట నిండుతూ పోయింది. పాలకూర పోయింది. లగ్గం పోయింది. 'నీ చదువే నాకు గొప్ప' పోయింది, శ్రావ్యకు ఏం చెప్పాలో ఏమో. పప్పు కమ్మగా ఉందన్నది తొమ్మిదిసార్లు అన్నాడు, తొమ్మిదీ పోయాయి. అందుకు మాత్రం ఆమెకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఇప్పుడు కూడా ఒప్పుకోలేదు మొండిమనిషి.

తన చేతులు ముందే కప్పి ఉన్నచోట కత్తెరకు ఏమీ వినపడలేదు. అక్కడి మాటలు అతను ఉంచినవో, కొట్టేయబోయి కొట్టేయలేకపోయినవో ఇక ఎప్పటికీ తెలియదు. వాటిని ఆమే ఒక్కొక్కటిగా తీసేసింది. అలా చేయడం న్యాయమో కాదో కూడా తెలియలేదు.

చివరికి మిగిలింది పంతొమ్మిది సెకన్లు. 'దప్పికైతంది' రెండు చోట్ల. 'కిటికీ తెరువు' ఒకచోట. ఇంకొకటి, తను నవ్వి చెయ్యి తీసేసి దుప్పటి సర్దిన రోజుది. చెయ్యి తీశాక ఆ వేళ్లు కదలకుండా, హాయిగా, దుప్పటి మీద పడి ఉన్నాయి.

"చెయ్యి ఇడిసిపెట్టు."

*

రాజలింగం లేచేసరికి ఆమె కుర్చీ మంచానికి మూరెడు దూరంగా వేసుకుని కూర్చుని ఉంది. రెండు చేతులూ తన ఒళ్లోనే పెట్టుకుంది. తప్పు ఒప్పుకోవడం ఎలాగో ఆమె ఏ పాఠంలోనూ రాయలేదు.

"శ్రావ్య వాళ్ల బాపూ" అంది. "ఇన్నొద్దులు నీ చెయ్యి వణుకుతుందనుకున్న. నాకు తెలివి లేకపాయె."

అతను చూశాడు.

"ఇప్పుడడుగుత. నచ్చకుంటే చిటిక ఎయ్యి, సప్పుడు రాకున్నా మంచిదే. కొట్టేస్త. మళ్ల మొదలువెట్టు. ఆపరేషన్ చేయించుకుంటవా?"

గొంతు అదిరింది. "చేయించుకుంట. నువ్వు సంతకం పెట్టు" అంది డబ్బా.

ఆమె చేతులు లేవబోయాయి. ఒళ్లో అణచి పెట్టుకుంది. బొటనవేలు నడిమివేలుకు ఆని, జారింది. శబ్దం లేదు.

"కొట్టేసిన" అంది సువర్ణ. "మళ్ల."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకూ తిరిగాయి. కానీ రికార్డింగ్ మధ్యలో ఆగే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"డాక్టర్ సాబ్, రెండు దినాలసంది జరం." వేళ్లు జారాయి.

"కొట్టేసిన. మళ్ల."

"పాలకూర కట్ట ఎట్ల—" వేళ్లు సగంలోనే జారాయి, విసుగ్గా. ఆ విసుగు అసలు సిసలు రాజలింగానిది. ఆమె ముక్కు చీదుకుని నవ్వింది. అతని మూతి ఎడమవైపు కొంచెం వంకరపోయింది, అదీ నవ్వే.

"తొందరేం లేదు. ఆనాడు పప్పు ముచ్చటకు పదకొండు సార్లు చేసినవ్."

నాలుగు, అయిదు, ఆరు. 'నువ్వెట్లంటే అట్లనే' వచ్చింది, పోయింది. 'దేవుని దయ' వచ్చింది, పోయింది. ఎనిమిదోసారి డబ్బా బరబరమని ఏమీ పలకకుండా ఊరుకుంది. అతని నుదుటి మీద చెమట పట్టింది. సువర్ణ తుడవలేదు. కిటికీలోంచి గాలి వస్తోంది, అదే ఆరనివ్వమని కూర్చుంది. తొమ్మిదోసారి అతను కళ్లు మూసుకుని, గొంతును కాదు, ఒళ్లంతా బిగించాడు.

"బుగులైతంది" అంది డబ్బా. చిన్నగా.

భయమవుతోందన్న మాట ఇరవై నాలుగేళ్లలో అతని నోట ఆమె వినలేదు. ఏ పాఠంలోనూ తను రాయలేదు. కత్తిరింపుల్లో ఎక్కడుందో, ఎప్పుడు అని ఎప్పుడు కొట్టేశాడో, అసలు ఇది డబ్బా అల్లిందేనేమో, ఏమీ తెలియలేదు. ఆమె అతని చేతి వంక చూసింది. వేళ్లు కదలలేదు. ఇంకా చూసింది. గోడమీది గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. వేళ్లు దుప్పటి మీద తెరుచుకుని, అరచెయ్యి పైకి పెట్టి, అలాగే ఉన్నాయి.

"నాక్కూడ" అంది సువర్ణ.

అని, తన కుడిచేతి బొటనవేలు నడిమివేలుకు ఆనబోతుంటే చూసుకుంది. అన్నది కొట్టేసి మళ్లీ మంచిగా చదవాలన్న పాత అలవాటు. ఆ వేళ్లను మెల్లగా విప్పి, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. చిటిక వేయలేదు.